మెట్ల కింద వదిలిన పేర్లు

జూన్ 8

చిరంజీవి మేనకోడలికి,

అత్త ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ క్షేమం. నువ్వు అక్కడ క్షేమమో కాదో నాకు తెలీదు. వెళ్ళి నెల దాటింది, ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

ఫోను ఎత్తొచ్చుగా అంటావు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ చెవుల్లో పోసుకున్నదాన్ని. రిటైరైన రోజునే దానికో దండం పెట్టేశాను. నా అన్న కూతురివైతే నువ్వే కాగితం మీద రాయి.

మొన్న కింది వాటా ఆవిడ పట్టుకుంది. "ఈ వయసులో ప్రతి ఆదివారం అంత ముస్తాబై ఎక్కడికండీ?" అని. చెప్పాను. "టీవీలో 'ఉప్పునీటి దారి' అని సీరియల్ వచ్చేది. దీవులకి సరుకులు మోసే చిన్న ఓడ, అందులో అయిదుగురు. మధ్యలోనే ఆపేశారు. అదంటే పడిచచ్చేవాళ్ళం కొంతమందిమి టైర్ల కొట్టు మీద గదిలో కలుస్తాం. ఆ గదిని ఓడ అంటాం. మాలో ఒకాయన కెప్టెన్, నేను వైర్‌లెస్ ఆపరేటర్ని, మా మేనకోడలు దిక్సూచి. మెట్లెక్కామంటే అసలు పేర్లు, ఉద్యోగాలు, రోగాలు, ఇంటి గొడవలు నోటెంట రాకూడదు. వస్తే స్టూలెక్కి టైటిల్ పాట మొత్తం పాడాలి." ఆవిడ విన్నంతసేపూ విని, "మీకు పిల్లలు లేరు కదూ" అంది. చీపురు తిరగేద్దామనుకుని మానేశాను.

నిన్నటి సంగతులు విను. సీరియల్లో కెప్టెన్‌కి గాటు ఎడమ చెంప మీదా కుడి చెంప మీదా అని మళ్ళీ మొదలైంది. వంటమనిషి (అదే, ఆ గడ్డం కుర్రాడు, సీరియల్లో ఆడమనిషి పాత్ర అయితే వీడికేం) బల్ల గుద్ది మరీ వాదించాడు. సీడీ వేసి చూస్తే రెండు వైపులా ఉంది. ఇక సీరియళ్ళ అభిమానులంతా వేషాలేసుకుని వచ్చే ఆగస్టు మేళాకి నా యూనిఫారానికి ఇత్తడి బొత్తాలు దొరకలేదు. కొట్టువాడు ప్లాస్టిక్‌వి అంటగట్టబోయాడు.

నీ నేస్తం ఇంజనీరు ఈ మధ్య సరిగ్గా రావడం లేదు. నిన్న వచ్చి మూలన కూర్చుని ఇంజను బొమ్మకి రంగు వేసుకుంది. మెల్లిగా నా దగ్గరికొచ్చి, "వైర్‌లెస్ గారూ, దిక్సూచి ఉత్తరం రాసిందా?" అనడిగింది. లేదన్నాను. మళ్ళీ పోయి రంగు వేసుకుంది. ఒకే కంచంలో తిన్నట్టు ఉండేవాళ్ళు, ఏమొచ్చిందే మీకు?

నీ అత్త

జూన్ 19

అత్తకి నమస్కారాలు,

తిట్టకు, రాస్తున్నానుగా. పని కుదురుకునేసరికి ఇంతయింది. కళ్ళద్దాల కార్ఖానాలో నాది అంచులు అరగదీసే బల్ల. తిరిగే చక్రానికి అద్దం ఆనించి ఫ్రేము కొలతకి వచ్చేదాకా రుద్దాలి. చక్రం మీద నీళ్ళు కారుతూనే ఉంటాయి. సాయంత్రానికి వేళ్ళు నాని ముడతలు పడిపోతాయి, నావి కావేమో అనిపిస్తుంది. ఎప్పుడైనా జనం ఎక్కువైతే ముందు కౌంటర్లో ఫ్రేములు సరిచేయడానికి పిలుస్తారు.

ఇక్కడ 'ఉప్పునీటి దారి' పేరు విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నా సంచికి మన ఓడ బ్యాడ్జి పెట్టుకుని వెళ్తే మేనేజరు చూసి, "ఏ బస్సు కంపెనీ అమ్మా అది?" అన్నాడు. ఆ రోజే తీసి డ్రాయర్లో పడేశాను. గదికొచ్చి గోడకి చేరగిలబడితే ఆదివారం గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అందుకే ఆదివారాలు కూడా పని అడిగి తీసుకుంటున్నాను.

ఇంజనీరు సంగతి అడిగావు గనక చెప్తున్నా. వచ్చేముందు మన ఓడ పత్రికలో కథ రాశానుగా, సీరియల్ ఆగిపోయిన చోటునుంచి ముందుకి. అందులో ఇంజనుగది పొగ మింగి మింగి ఇంజనీరుకి ఊపిరి చాలదు. ఓడ ఆమెని ఓ రేవులో దించేసి వెళ్ళిపోతుంది. అందరూ బాగుందన్నారు. మన ఇంజనీరు మాత్రం స్టేపుల్ చేస్తున్న కాపీలు నా ఒళ్ళో పడేసి, "ఇంజనీరు ఓడ దిగదు. చస్తే ఇంజను పక్కనే చస్తుంది. నీకామె ఎప్పటికీ అర్థం కాదు" అంది. ప్రతి ఎపిసోడూ నా భుజం మీద తల పెట్టి చూసిన మనిషి, నాకు అర్థం కాదంటుంది! నేనూ ఊరుకోలేదు. "ఆమె గురించి ఏడుస్తున్నావా, నీ గురించా?" అన్నాను. "నువ్వు పోతున్నావు గనక నన్ను దించేస్తున్నావు" అంది. అంతే. బస్టాండుకి వస్తుందని బస్సు కదిలేదాకా కిటికీలోంచి చూశాను, అత్తా. రాలేదు. ముందు ఆమె రాయాలి, అప్పుడు నేను రాస్తాను.

ఇత్తడి బొత్తాలు ఇక్కడ దొరుకుతాయేమో చూస్తా.

నీ మేనకోడలు

జూలై 13

చిరంజీవి మొండిఘటానికి,

అత్త దీవించి రాయునది. బొత్తాలు అందాయి. కుట్టేశాను కూడా. అద్దంలో చూసుకుంటే నాకే సెల్యూట్ కొట్టాలనిపించింది.

నిన్నటి ఆదివారం నువ్వు ఉండాల్సిందే! ఇన్నేళ్ళలో ఓడ మీద ఇంత గొప్ప రోజు లేదు. మీ ఇంజనీరు మేళాకి వేసే వేషంలో ముందుగానే వచ్చేసింది. తలకి నూనె మరకల గుడ్డ బిగించి కట్టింది, ఒక్క వెంట్రుక బయటికి లేదు. కనుబొమలు కూడా తీసేసింది, మంటకి కాలినట్టు. కళ్ళ కింద నలుపు, చెంపలు గుంటలు. "ఎక్కడ నేర్చావమ్మాయ్ ఈ మేకప్పు? నిజం మనిషిలాగే లేవు" అన్నాను. నవ్వి ఊరుకుంది.

గది మధ్యకొచ్చి నిలబడింది. "కెప్టెన్, అనుమతిస్తే ఓడ దిగుతాను. ఊపిరి చాలడం లేదు" అంది. మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నీ కథ! నీ కథని ఆడుతోంది! మన కెప్టెన్ తక్కువవాడా, టోపీ సర్దుకుని, "తిరిగి ఎప్పుడు ఎక్కుతావు, ఇంజనీర్?" అన్నాడు. "తిరిగి ఎక్కడం ఉండదు, కెప్టెన్. ఇంజను జాగ్రత్తగా చూసుకోండి. చలి పొద్దుట అది మొరాయిస్తుంది, తిట్టకండి, కాసేపు ఆగండి" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కెప్టెన్ లేచి సెల్యూట్ చేశాడు. మేమంతా లేచాం. వంటమనిషి నోటితో ఓడ కూత వేశాడు. ఆ తర్వాత చప్పట్లు చూడూ, కింద టైర్ల కొట్టాయన కర్రతో సీలింగు పొడిచేదాకా కొట్టాం.

ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి ఎంతకీ వదల్లేదు. "దిక్సూచికి ఇదంతా రాయండి, వైర్‌లెస్ గారూ. తప్పకుండా రాయండి. ఆ కథ తనే సరిగ్గా రాసిందని చెప్పండి" అంది. నిజంగా కళాకారిణే, మెట్లు దిగేటప్పుడు కూడా పాత్ర వదల్లేదు. మెట్టుకోసారి ఆగి రొప్పుతూ దిగింది.

ఇక నీ కోపం దిగాలి. నీ కథే సరైనదని అందరి ముందూ ఒప్పుకుంది కదా. రెండు ముక్కలు రాసి పడేయి.

నీ అత్త

జూలై 22

అత్తకి,

చప్పట్లు కూడా కొట్టారా? బాగుంది.

నీకు అర్థం కాలేదు. ఆమె ఒప్పుకోలేదు, నన్ను వెక్కిరించింది. నేను రాసిన మాటల్నే తీసుకుని, నేను లేనప్పుడు, గది మధ్య నిలబడి ఆడి చూపించింది. పైగా అది నాకు చేరాలని నిన్నే పట్టుకుంది. "తనే సరిగ్గా రాసింది" అట! ఆ గొంతు నాకు తెలుసు. వంటమనిషి ఏదైనా చెత్తగా రాసినప్పుడు వాడి వీపు తట్టి అచ్చం అలాగే మెచ్చుకునేది, వాడు మురిసిపోయేవాడు, మేమిద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా వంతొచ్చింది.

వచ్చే ఆదివారం కనపడితే నా మాటగా చెప్పు. ఓడ ఎవరికోసమూ ఆగదని చెప్పు. ఇంతే, ఇంకేం కలపకు.

ఇక్కడ వాన. గదిలో బట్టలు ఆరడం లేదు.

నీ మేనకోడలు

ఆగస్టు 18

చిరంజీవి మేనకోడలికి,

మేళా అయిపోయింది. మనకి అనుకున్నంత పేరు రాలేదు. అంతరిక్షం సీరియల్ వాళ్ళు వందమంది వెండిరంగు బట్టల్లో దిగారు, వాళ్ళ ముందు మేం అయిదారుగురం గాలికి కొట్టుకొచ్చినట్టున్నాం. నా బొత్తాలు మాత్రం ఇద్దరు ఫొటో తీసుకున్నారు.

అసలు సంగతి అది కాదు. ఇంజనీరు మేళాకి రాలేదు. ఆ వీడ్కోలు ఆదివారం తర్వాత ఓడకే రాలేదు. మొదట ఆట సాగదీస్తోందని నవ్వుకున్నాం. "దిగిన మనిషి ఎలా వస్తుంది?" అని వంటమనిషి జోకులేశాడు. కానీ మేళాకి వేషమైనా మానేస్తుంది గానీ మనిషి రావడం మానేస్తుందా? కిందటేడు కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చింది. నా మనసేం బాగాలేదు.

కెప్టెన్‌ని అడిగాను, వెతుకుదామా అని. "మెట్ల కింద సంగతి మనకొద్దు వైర్‌లెస్. ఆ నియమం లేకపోతే ఈ గది లేదు" అన్నాడు. ఆయనకీ బెంగగానే ఉంది, టోపీ తీసి చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. ఊరందరి నంబర్లూ నోటికొచ్చిన నేను, పక్కన కూర్చుని ఇన్నాళ్ళు నవ్విన పిల్ల పేరు తెలీక దిక్కులు చూస్తున్నాను.

నీకు ఇల్లు తెలుసని ఒకసారి నోరు జారావు. పేరూ ఇల్లూ రాసి పంపు. స్టూలెక్కి నేనే పాడతాలే.

నీ అత్త

ఆగస్టు 27

అత్తకి,

ఇల్లు తెలిసిన మాట నిజమే. ఓసారి కుండపోత వానలో ఇద్దరం ఒకే గొడుగులో వెళ్ళి ఆమెని గుమ్మం దగ్గర దింపాను. లోపల్నించి వాళ్ళమ్మ పేరు పెట్టి పిలిచింది. ఇంజనీరు నోటిమీద వేలు పెట్టుకుని, "విననట్టు ఉండు" అంది. ఉంటానని మాటిచ్చాను. లోపలికి పిలవలేదు, నేనూ వెళ్ళలేదు, వాళ్ళమ్మ నన్ను చూడను కూడా లేదు. ఆమె నా మీద విరుచుకుపడింది కదా అని నేను మాట తప్పను.

నువ్వు కంగారు పడకు. ఆమె అలకలు నాకు తెలుసు. నేను ముందు రాస్తానేమోనని చూస్తోంది. మనం వెళ్ళి గుమ్మంలో నిలబడితే గెలిచానని మురిసిపోతుంది. అలక తీరాక తనే మెట్లెక్కి వస్తుంది.

నా మాట ఇంకా చెప్పలేదుగా? వచ్చినప్పుడు చెప్పు.

నీ మేనకోడలు

సెప్టెంబర్ 9

అత్తా,

ఇది చూడగానే వెంటనే వెళ్ళు. పేరు, వీధి, ఇంటి నంబరు వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను.

ఇవాళ కౌంటర్లోకి పిలిచారు. ఒకావిడ, నా వయసే ఉంటుంది, తలకి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఫ్రేము కనుబొమల కిందికి రావాలి, అక్కడ చూసి సరిచేస్తాం. ఆవిడకి కనుబొమల్లేవు. నేను చూస్తూ ఉండిపోయాను. "మందులకి రాలిపోయాయండీ, ఫరవాలేదు, మీరు అందాజుగా పెట్టండి" అంది. అందాజుగానే పెట్టి పంపాను.

నీ జూలై ఉత్తరం మళ్ళీ చదివాను. తలగుడ్డ, కనుబొమలు, గుంటలు, మెట్టుకోసారి ఆగడం. అంతా రాశావు నువ్వు. ఒక్కటీ విడవకుండా రాశావు. మనిద్దరిలో ఒక్కరికీ కళ్ళు లేవు.

నేను చెప్పమన్న మాట చెప్పొద్దు. దయచేసి చెప్పొద్దు. నేను వస్తున్నానని చెప్పు. సెలవు దొరకగానే వస్తున్నానని చెప్పు.

నీ మేనకోడలు

సెప్టెంబర్ 21

అమ్మలూ,

ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండు కాగితాలు చింపాను. ఇంజనీరు లేదు. ఆగస్టు నెలాఖరుకే పోయింది.

నీ ఉత్తరం రాగానే వెళ్ళాను. తలుపు తట్టి, చీటీ చూసి ఆ పేరు పలికితే నా నోటికే కొత్తగా ఉంది. వాళ్ళమ్మ తలుపు తీసింది. నన్నోసారి ఎగాదిగా చూసి, "మీరు వైర్‌లెస్ గారా?" అంది. ఆవిడకి మనమందరం తెలుసు. కెప్టెన్ టోపీ, వంటమనిషి గడ్డం, నా మోకాళ్ళు, అన్నీ తెలుసు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల చెప్పినవి మన కబుర్లేనట.

ఆ ఆదివారం ఇంటికెళ్ళి ఎంతో తేలిగ్గా ఉందట. "అమ్మా, అందరికీ చెప్పేశాను. నియమం తప్పకుండానే చెప్పాను. అందరూ లేచి నిలబడ్డారు" అందట. అర్థమైందా నీకు? మనకి చెప్పానని అనుకుంది. మేం విన్నామని అనుకుంది. నేను అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత ఎవరో ఒకరు వస్తారని చూసింది. ఎవరూ రాలేదు. "పనుల్లో ఉంటారులే" అని వాళ్ళమ్మకే సర్దిచెప్పిందట. మీలాంటి వాళ్ళున్నారంటే తనే నమ్మలేదని, కూతురు తన కోసం కల్పించి చెప్తోందనుకున్నానని అంది ఆవిడ. అది వింటూ ఆ కుర్చీలో ఎలా కూర్చున్నానో నాకే తెలీదు.

నీ ఉత్తరం కోసం చూసింది. "దిక్సూచికి ఇల్లు తెలుసు, రాస్తుంది" అనేదట. వెక్కిరింపు కాదే, తల్లీ. నీ కథ తన గురించి రాసినట్టు ఉందని భయపడి ఆ రోజు నీ మీద అరిచింది. అప్పటికే రోగం సంగతి తెలుసు. తర్వాత ఎలా చెప్పాలో తోచక నీ కథనే అడ్డం పెట్టుకుంది.

నువ్వు చెప్పమన్న మాట ఆమెకి చేరలేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. కానీ నీ మాట ఏదీ చేరలేదు.

ఇంకొకటి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నేను ఇల్లెక్కడని అడిగేటప్పటికి ఆ పిల్ల ఇంకా ఉంది. నీ మీద కోపం లేదంటే అబద్ధం. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఇద్దరం మొయ్యాల్సిందే.

ఓడలో చెప్పాను. కెప్టెన్ నియమాల కాగితం గోడ మీంచి పీకేశాడు. అందరం పేర్లు చెప్పుకున్నాం. ఒకరి పేర్లు ఒకరికి నోరు తిరగలేదు. కాసేపు కూర్చుని ఇళ్ళకి వెళ్ళిపోయాం.

ఆ రోజు నేను వచ్చేసేముందు వాళ్ళమ్మ ఒకటే అడిగింది. "దిక్సూచి వస్తుందా అండీ? వస్తే ఒకసారి చూడాలని ఉంది" అని. వస్తుందన్నాను.

అత్త

అక్టోబర్ 6

అత్తకి,

నేను వచ్చాను. నీకు చెప్పకుండా వచ్చి, నిన్ను చూడకుండానే తిరిగొచ్చేశాను. తిట్టుకో, కానీ మొత్తం చదువు.

బస్సు దిగి నేరుగా ఆ ఇంటికే వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. నేనే దిక్సూచిని, ఇల్లు తెలుసు, రాయడానికి చేతులున్నాయి, రాయలేదు అని చెప్దామనుకున్నాను. తలుపు తట్టాను. ఆవిడ తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది. మొహం అచ్చం ఆమెదే అత్తా, ఆ చుబుకం కూడా. "ఎవరమ్మా?" అంది.

నా అసలు పేరు చెప్పాను. అదే వచ్చింది నోటికి. ఆవిడ ఆలోచించి, "నాకు గుర్తు రావడం లేదమ్మా, ఎవరింటికి వచ్చావు?" అంది. దిక్సూచినని ఒక్క మాట అంటే చాలు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. లోపల గోడ మీద ఇంజనీరు ఫొటో కనిపిస్తోంది, దండతో. నోరు తెరిచి, ఇల్లు పొరపాటు పడ్డానండీ అన్నాను. ఎవరి కోసమంటే ఏదో పేరు చెప్పాను, నాకే తెలీని పేరు.

తలుపు వేసుకుంటుందనుకున్నాను. వేసుకోలేదు. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని నాతో వచ్చింది. లేని మనిషి కోసం వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టింది. "దూరాన్నించి వచ్చినట్టుంది, పాపం, కొంచెం చెప్పండి" అని వాళ్ళందర్నీ బతిమాలింది. నేను వెనకాల నిలబడ్డాను. ప్రతి గుమ్మం దగ్గరా చెప్పేద్దామనుకున్నాను. వీధి అయిపోయింది. అక్కడితో ఆగకుండా పక్క వీధి కూడా చూద్దామంది. ఇక చాలండీ అంటే నా మొహం చూసి, బాగా అలిసిపోయావంటూ బస్సు స్టాపు దాకా తోడొచ్చింది.

బస్సెక్కాక కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి తట్టింది. "వాళ్ళు నీ కోసం చూస్తూ ఉంటారమ్మా. ఈసారి పేరు సరిగ్గా కనుక్కుని రా" అంది.

నీ మేనకోడలు